షోకేసులో చోటు

ఆ వీధిలో ఫొటో స్టూడియో షోకేసులోకి ఎక్కని మొహం లేదు. బోర్లాపడి తల ఎత్తిన పసిపిల్లలు, కొత్త దంపతులు, ఉద్యోగం నుంచి దిగిపోయిన పోస్టుమాస్టరు, పరుగుపందెంలో కప్పు గెలిచిన బడిపిల్ల, అందరూ ఉన్నారు. ఆఖరికి స్టూడియో గది ఓనరు గారి కుక్క కూడా మెడలో రిబ్బను కట్టుకుని పై వరస మధ్యలో దర్జాగా కూర్చుంది. లేనిదల్లా ఫొటోగ్రాఫరు భార్య ఒక్కతే.

"కుక్కకి ఇచ్చిన చోటు పెళ్ళానికి ఇవ్వలేరా?" అని ఆవిడ అన్నం వడ్డిస్తూ అడిగేది.

"ఇస్తానే. ముందు మంచి ఫొటో పడాలిగా," అని ఆయన ముద్ద మింగేవాడు.

ఆయన పనితీరే అంత. ఫిలిం రీళ్ళ కాలంలో నేర్చిన చెయ్యి. వెలుగు కుదరాలి, భుజాలు కుదరాలి, అన్నిటికీ మించి గడ్డం కుదరాలి. అన్నీ కుదిరితేగాని మీట నొక్కడు. స్టూలు మీద కలెక్టరు కూర్చున్నా సరే, "గడ్డం కాస్త కిందికి" అని వాళ్ళ ప్రాణాలు తోడేస్తాడు. అందుకే వీధివాళ్ళు ఆయనకి కాస్తకిందికి గారని పేరు పెట్టేశారు. ఆ పేరు ఆయనకి తెలియదని వీధి అనుకుంటుంది, తెలుసునని ఆయన ఎవరికీ చెప్పలేదు.

చిక్కంతా ఎక్కడంటే, ఆ మాట వినగానే ఆయన భార్యకి నవ్వొచ్చేస్తుంది. ఇంట్లో పప్పులో ఉప్పెక్కువైందని చెప్పలేని మనిషి, స్టూడియోలో ఊరందరి గడ్డాల మీదా పెత్తనం చేస్తుంటే ఆవిడకి ఆగదు. అది మామూలు నవ్వు కాదు. కళ్ళు రెండూ గట్టిగా మూతపడిపోతాయి, భుజాలు ఎగిరెగిరి పడతాయి, చివర్లో వెక్కిళ్ళు. కళ్ళు మూసుకుంటే ఫొటో పోయినట్టేనని ఆయన శాసనం. అలా పెళ్ళైనప్పటి నుంచీ ఆవిడ ఫొటో వాయిదా పడుతూ వచ్చింది.

చివరికి కూతురూ అల్లుడూ కలిసి అమ్మానాన్నల్ని ద్వీపానికి పంపుతున్నామని టిక్కెట్లు చేతిలో పెట్టారు. ఆవిడ అదను చూసి పట్టు పట్టింది.

"ఈసారి సముద్రం ముందు నా ఫొటో తీయాలి. మీ గుడ్డ సముద్రం కాదు, నిజం సముద్రం. రాగానే షోకేసులో పెట్టాలి. పెట్టారా సరే, లేకపోతే ఆ స్టూడియో గడప నేను మళ్ళీ తొక్కను. మధ్యాహ్నం క్యారేజీ మీరే మోసుకెళ్ళండి."

మాట మెత్తగానే ఉంది గాని కళ్ళు మెత్తగా లేవు. ఇది క్యారేజీతో పోయే వ్యవహారం కాదని ఆయనకి అర్థమైంది. భార్య నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు. వేస్తూ వేస్తూ తన తరఫు నుంచీ ఒక షరతు పెట్టాడు. "అప్పటిదాకా నువ్వు ఎవరి ఫోనులోనూ పడకూడదు. పక్కన నన్ను పెట్టుకుని ఫోనులో ఫొటోనా? నా పరువేం గాను?"

ఇక గుడ్డ సముద్రం సంగతి. స్టూడియోలో గోడంత తెర ఒకటుంది. సినిమా బోర్డులు రాసే పెయింటరు వేసిచ్చాడు. ఆ పెయింటరు పుట్టి బుద్ధెరిగాక సముద్రం చూసిన మనిషి కాడు, అందుకే ఏ లోటూ లేకుండా వేశాడు. ఎడమ పక్క ఒకదాని మీదికి ఒకటి వాలిన రెండు కొబ్బరి చెట్లు, కుడి పక్క ఎర్ర పడవ, మధ్యలో నిండు సూర్యుడు, నీళ్ళలో రెండు తెల్ల హంసలు. సముద్రంలో హంసలేమిటని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. వీధిలో పెళ్ళైన ప్రతి జంటా ఆ హంసల ముందు నిలబడే సంసారం మొదలుపెట్టింది. ఫొటోగ్రాఫరు కూడా అసలు సముద్రం చూసి ఎరగడు. ఆయన లెక్కలో సముద్రమంటే అదే.

బయలుదేరే ముందు ఆ తెరని ఫొటో తీసి, చిన్న కాయితం మీద వేసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"ఇదెందుకండీ?" అంది భార్య.

"చూసి వెతకడానికి. ద్వీపమన్నాక ఇలాంటి చోటు ఒక్కటైనా ఉండకపోతుందా? అక్కడ నిన్ను నిలబెట్టి నొక్కానంటే వీధంతా షోకేసు ముందు క్యూ కట్టాలి!"

ఆవిడ పొంగిపోయింది. అలా పొంగిపోయినందుకు తరవాత తనని తానే తిట్టుకుంది.

లాంచీ రేవు దాటగానే ఆవిడ కమ్మీ పట్టుకుని సగం బయటికి వంగి చూస్తూ ఉండిపోయింది. వెండి రంగు చేపలు నీళ్ళలోంచి ఎగిరి, కొంత దూరం గాల్లో పోయి, మళ్ళీ మునుగుతున్నాయి. "ఏమండీ, చేపలు ఎగురుతున్నాయండీ!" అని ఆవిడ కేక పెట్టేసరికి ఆయన జేబులోంచి కాయితం తీసి, ఒకసారి దాన్నీ ఒకసారి సముద్రాన్నీ చూస్తున్నాడు.

"రంగు తప్పు," అన్నాడు.

"దేని రంగు?"

"సముద్రం రంగు. దగ్గర ఆకుపచ్చ, దూరంగా నీలం, మధ్యలో బూడిద. ఒక మాట మీద నిలబడదేం ఇది?"

లాంచీ నడిపే సరంగు ఆ మాట విన్నాడు. "పొద్దున్నుంచీ మబ్బేసింది బాబాయ్, అందుకని," అని సముద్రం తరఫున సర్దిచెప్పాడు.

మర్నాడు అడవిలోకి వెళ్ళారు. గొడుగంత ఆకుల కింద నడిచి, ఎర్ర ముక్కు పిట్టల గోల విని, కొండ మలుపు తిరిగేసరికి జలపాతం! ఆవిడ చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, మోకాలి లోతు నీళ్ళలో నిలబడింది. చిన్న చేపలు వచ్చి పాదాలు కొరుకుతుంటే చిన్నపిల్లలా కుప్పిగంతులు వేసింది.

"ఇక్కడ తీయండి, ఇక్కడ తీయండి!"

ఫొటోగ్రాఫరు కెమెరా ఎత్తాడు, కాయితం చూసుకున్నాడు, కెమెరా దించాడు. "నువ్వు అడిగింది సముద్రం. ఇందులో సముద్రమేదీ?"

ఆ తరవాత అడుగున అద్దం బిగించిన పడవలో పగడాలు చూడ్డానికి వెళ్ళారు. కింద పసుపు చేపలు, చారల చేపలు, తోటలో పొదల్లాగా ఊగే పగడాలు, వాటి మధ్య నింపాదిగా ఈదుతున్న ముసలి తాబేలు. ఆవిడ పడవలో బోర్లా పడుకుని ముక్కు అద్దానికి ఆనించి, తాబేలుతో ఏదో మాట్లాడుతోంది. "మొహం నేలకేసి రాస్తే నేను ఫొటో ఎలా తీసేది? గడ్డం కాస్త పైకెత్తు," అన్నాడు ఆయన. వృత్తిలోకి వచ్చాక ఆయన ఒకరిని గడ్డం పైకెత్తమనడం అదే మొదలు. అయినా ఆవిడ ఎత్తలేదు, తాబేలుతో మాటలు పూర్తికాలేదు మరి.

వాళ్ళు దిగింది సముద్రానికి దగ్గర్లో ఒక పెద్దావిడ ఇంట్లో. పైన గదులు అద్దెకిచ్చి, కింద వంట చేసి పెడుతుంది. ఫొటోగ్రాఫరు చెట్ల చుట్టూ, గట్ల చుట్టూ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్న సమయంలో ఆయన భార్య ఆ వంటింట్లో సెటిలైపోయింది. వెళ్ళిన పూటకే వాళ్ళిద్దరూ వదినా వదినా అనుకునే దాకా వచ్చారు. చేపకి పచ్చి మసాలా పట్టించి, వెడల్పాటి ఆకులో చుట్టి, నిప్పుల మీద పెట్టడం ఎలాగో ఈవిడ నేర్చుకుంది. పండీ పండని పుల్లటి పండు, మిరపకాయలు కలిపి నూరే పచ్చడిలో ఇంకాస్త వెల్లుల్లి పడితే బాగుంటుందని ఆవిడకి నేర్పింది. కొబ్బరి కోరడంలో ఇద్దరికీ పందెం కూడా అయింది.

భోజనానికి ఆకు విప్పగానే పొగతో పాటు ఘుమఘుమ గది నిండా వ్యాపించింది. ఫొటోగ్రాఫరు భార్య మోచేతి దాకా మసాలా రసం కారుతుండగా, పచ్చడి ఘాటుకి ముక్కు ఎర్రబడి, కళ్ళలో నీళ్ళతో, "ఇలాంటిది నా జన్మలో తినలేదండీ!" అంది. ఆ మొహం చూస్తే ఎవరికైనా ఆకలి వేస్తుంది. ఫొటోగ్రాఫరు మాత్రం కిటికీలోంచి వెలుగెటు పోతోందో చూస్తూ ముద్ద నోట్లో పెట్టుకుని నాలుక కాల్చుకున్నాడు.

"వదినా, అన్నయ్యగారు ఏం పారేసుకున్నారు? పొద్దస్తమానం వెతుకుతున్నారు," అని పెద్దావిడ అడిగింది.

"రెండు హంసల్ని," అంది ఈవిడ.

సాయంత్రం ఊళ్ళోవాళ్ళు చెట్ల మధ్య ఖాళీ స్థలంలో డప్పులు తెచ్చారు. ముసలీ ముతకా అందరూ చేతులు కలిపి గుండ్రంగా ఆడుతుంటే పెద్దావిడ తన వదినని కూడా లాక్కుపోయింది. మొదట సిగ్గుపడి కొంగు సవరించుకున్న మనిషి, కాసేపటికి కొంగు బిగించి దోపింది. అడుగు తప్పుతోంది, పక్కవాళ్ళ కాళ్ళు తొక్కుతోంది, పకపకా నవ్వుతోంది. ఫొటోగ్రాఫరు కెమెరా కంటికి పెట్టుకుని, "ఒక్క క్షణం కదలకు!" అని అరిచాడు. ఆటలో కదలొద్దంటే ఎలా? డప్పుల మోతలో ఆ అరుపు ఎవరికీ వినపడలేదు, అదీ ఒకందుకు మంచిదే అయింది.

ఆట ముగిసి గదికి నడిచి వస్తుంటే ఆవిడ అడిగింది. "ఇంతకీ ఇప్పటిదాకా నావి ఎన్ని తీశారు?"

"చోటు దొరకందే ఎలా తీస్తాను? వెలుగు చూసుకోవడానికి పీతని తీశాను, పడవ తాడుని తీశాను..."

ఆవిడ ఆగిపోయింది. అరిస్తే ఆయన సర్దుకునేవాడు. ఆవిడ అరవలేదు.

"మీరు నన్ను ఇక్కడికి తీసుకురాలేదండీ. మీ తెరని తీసుకొచ్చారు. వచ్చినప్పటి నుంచీ చూస్తున్నాను, మీరు ఒక్కసారి కూడా నన్ను చూడలేదు. నా వెనకాల ఏముందో చూస్తున్నారు."

అని ముందుకు నడిచి వెళ్ళిపోయింది. నిజంగానే ఆవిడ ఇవాళ ఏ రంగు చీర కట్టుకుందో తలచుకుంటే ఫొటోగ్రాఫరుకి గుర్తు రాలేదు. మనుషుల్ని చూడ్డమే తన వృత్తి అనుకునే మనిషికి అది చిన్న దెబ్బ కాదు. దానికి ఆయన ఆలోచించిన విరుగుడేమిటంటే, రేపు ఎలాగైనా ఆ చోటు కనిపెట్టి తీరాలని! కొందరి బుర్రలు అంతే, ఎటు తిప్పినా ఒకే వైపు తిరుగుతాయి.

తిరుగు లాంచీ మర్నాడు సాయంత్రం. పొద్దున్నే లేచి వెళ్ళినవాడు రొప్పుతూ పరిగెత్తుకొచ్చాడు. "దొరికింది! మంచి చీర కట్టుకో, పద!"

దొరికిన మాట నిజమే. ద్వీపం అవతలి ఒడ్డున ఒకదాని మీదికి ఒకటి వాలిన రెండు కొబ్బరి చెట్లు, అదీ ఎడమ పక్కనే. కుడి పక్క ఎర్ర రంగు వెలిసిన పడవ. మబ్బు విడిపోయి సముద్రం కూడా బుద్ధిగా ఒకే నీలంలో ఉంది. వాళ్ళు చూస్తుండగానే జాలరి ఇంటి వెనక నుంచి రెండు తెల్ల బాతులు ఒకదాని వెనక ఒకటి నడిచి వచ్చి నీళ్ళలో దిగాయి. ఫొటోగ్రాఫరుకి కళ్ళు చెమర్చాయి.

"అక్కడ నిలబడు. కాస్త ఎడమకి. చెట్లు రావాలి. ఆఁ. పడవ తెగిపోతోంది, ఉండు, నేనే వెనక్కి జరుగుతా."

చెట్లూ పడవా సముద్రంలోకి చొచ్చుకెళ్ళిన సన్నటి ఇసుక దిబ్బ మీద ఉన్నాయి, ఆవిడ వాటి మధ్య ఉంది. ఆయన వెనక్కి జరిగితే ఇటు పక్కా నీళ్ళే. పాదాలు తడిశాయి. బాతులు అంచులోకి వెళ్ళాయని ఇంకాస్త జరిగాడు. మోకాళ్ళు తడిశాయి.

"ఏమండీ, వెనకాల అల!"

"నువ్వు మాట్లాడకు, నోరు తెరిస్తే పళ్ళు కనిపిస్తాయి. అంతా కుదిరింది. గడ్డం కాస్త కింది..."

ఆ మాట పూర్తికాకుండానే అల వచ్చి ఫొటోగ్రాఫర్నే కిందికి దించింది. గడ్డంతో సహా. కాసేపటికి ముందు కెమెరా పట్టుకున్న చెయ్యి, ఆ తరవాత నాచు వేలాడుతున్న తల పైకి వచ్చాయి. బాతులు రెండూ అవతలి నీళ్ళలోంచే ఆయన్ని తిట్టుకుంటూ దూరం జరిగాయి.

ఆవిడ నవ్వింది. ఇసుకలో కూలబడి, కడుపు పట్టుకుని, కళ్ళు మూసుకుని, వెక్కిళ్ళు వచ్చేదాకా నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్ళు తెరిచేసరికి, ఆయన నడుము లోతు నీళ్ళలో కూర్చుని కెమెరాని చెవి దగ్గర పెట్టుకుని ఊపుతున్నాడు. లోపల నీళ్ళు గలగలమంటున్నాయి.

ఆవిడ నవ్వు ఆగిపోయింది. వెళ్ళి చెయ్యి అందించింది. "పోనీలెండి. నా మొహానికి షోకేసెందుకు," అంది.

తిట్టినా బాగుండేది. ఆ మాటతో ఆయన ప్రాణం ఉసూరుమంది. ఆవిడ అలిగి అన్న మాట కాదది, ఆశ వదులుకుని అన్న మాట. పొట్లం కట్టి పక్కన పెట్టేసినట్టు అంత తేలిగ్గా అనేసింది.

సామాను సర్దుకుని రేవుకి వచ్చారు. సాగనంపడానికి వచ్చిన పెద్దావిడ కథంతా విని, "ఇంతోటి దానికేనా? ఆ మలుపులో స్టూడియో ఉందిగా అన్నయ్యగారూ," అంది.

ఇంకొకరి స్టూడియోలో, స్టూలు మీద, గిరాకీలాగా కూర్చోవడం! ఫొటోగ్రాఫరుకి ఒళ్ళు జలదరించింది. కాదందామని భార్య వైపు తిరిగాడు. ఆవిడ సముద్రం వైపు చూస్తూ నిలబడింది. ఆకుపచ్చ చీర కట్టుకుంది. కొంగు అంచున ఇసుక ఇంకా అంటుకునే ఉంది.

"పద," అన్నాడు.

ఇరుకు గది. గోడకి వేలాడే అద్దం, దారానికి కట్టిన దువ్వెన, మూత పోయిన పౌడరు డబ్బా, రెండు గొడుగు దీపాలు. తన స్టూడియోనే ఎవరో ఎత్తుకొచ్చి ఇక్కడ పెట్టారేమోనని ఆయనకి అనుమానం వచ్చింది. నడిపేది ఒక లావుపాటి ఆవిడ. మెడలో కళ్ళజోడు, నోట్లో లవంగం.

"జంటగానా, విడివిడిగానా?"

"ఈవిడది ఒక్కటే..." అని ఆయన అనబోయాడు.

"జంటగానే," అంది భార్య. పెళ్ళినాటి తరవాత ఆయన మాత్రం ఎవరి ఫొటోలో పడ్డాడు గనక!

స్టూడియో ఆవిడ తాడు లాగింది. పైనుంచి తెర గిరగిరా విప్పుకుంటూ దిగింది. తెల్లటి మంచుకొండలు. మంచు కప్పిన దేవదారు చెట్లు. పొగగొట్టంలోంచి పొగ వస్తున్న చిన్న చెక్క ఇల్లు. దాని ముందు గడ్డకట్టిన సరస్సు. ఆ మంచుగడ్డ మీద, ఏమాత్రం చలి లేకుండా, రెండు తెల్ల హంసలు.

ఫొటోగ్రాఫరు నోరు వెళ్ళబెట్టాడు. "అమ్మా, మీ దగ్గర సముద్రం తెర లేదా?"

"సముద్రమా? సముద్రం ముందు ఎవరు దిగుతారు బాబూ, తలుపు తీస్తే అదేగా! మావాళ్ళందరికీ మంచే కావాలి. ఇదిగో, ఇవి కూడా వేసుకోండి," అని రెండు ఉన్ని కోట్లు, రెండు కుచ్చు టోపీలు చేతిలో పెట్టింది.

బయట ఎండ మండిపోతోంది. లోపల ఫ్యాను అలంకారానికి తిరుగుతోంది. ఆలుమగలిద్దరూ మెడదాకా ఉన్ని బిగించుకుని, చెమటలు కక్కుతూ మంచుకొండల ముందు నిలబడ్డారు. ఆయన ఊపిరి బిగించి, భుజాలు సర్దుకుని, తన వృత్తి గౌరవమంతా గడ్డం మీదికి తెచ్చుకున్నాడు.

స్టూడియో ఆవిడ కళ్ళజోడు పెట్టుకుంది. కెమెరాలోంచి చూసింది. తల అడ్డంగా ఆడించింది.

"బాబూ, మీరే. గడ్డం కాస్త కిందికి."

పక్కన బాంబు పేలినట్టు నవ్వు. టోపీ కుచ్చు ఎగిరిపడుతోంది, కోటు భుజాలు ఎగిరిపడుతున్నాయి, కళ్ళు రెండూ గట్టిగా మూతపడిపోయాయి. ఫొటోగ్రాఫరు కెమెరా సంగతి మరిచిపోయి అటు తిరిగాడు. వెనకాల ఏ కొండ ఉందో, ఏ హంస ఉందో ఆయనకి కనిపించలేదు. నవ్వేటప్పుడు ఆవిడ ఎడమ చెంప మీద చిన్న సొట్ట పడుతుందని ఆయన ఏనాడో చూసి, ఎక్కడో పారేసుకున్నాడు. అది అక్కడే ఉంది.

మీట నొక్కిన చప్పుడైంది.

"అయ్యో, పాడైంది," అంది స్టూడియో ఆవిడ. "ఆవిడ కళ్ళు మూసుకుంది, మీరేమో పక్కకి చూస్తున్నారు. ఉండండి, ఇంకోటి తీస్తాను."

"వద్దమ్మా," అన్నాడు ఫొటోగ్రాఫరు. "అదే ఇవ్వండి. పెద్దది వేసివ్వండి."

ఆవిడ వెక్కిళ్ళు లాంచీ ఎక్కాక గాని తగ్గలేదు. సరంగు మంచినీళ్ళు ఇచ్చి, "సముద్రం రంగు కుదిరిందా బాబాయ్?" అని అడిగాడు. "నేను చూడలేదు నాయనా," అన్నాడు ఆయన. అది నిజమే.

ఊరికి వచ్చిన మర్నాటి నుంచి వీధిలో ఒకటే చర్చ.

"ద్వీపానికి వెళ్తున్నామన్నారు, ఈ మంచుకొండలేమిటండీ?" అని పోస్టుమాస్టరు గారు అద్దానికి మొహం ఆనించి అడిగారు.

"అది ద్వీపమేనండీ. ఎండకి చచ్చిపోయాం," అన్నాడు ఫొటోగ్రాఫరు.

"అమ్మగారు కళ్ళు మూసుకున్నారుగా? మా వాడు కళ్ళు మూశాడని మీరు పొద్దుగూకేదాకా కూర్చోబెట్టారు!" అని ఇంకొకావిడ నిలదీసింది.

"మూసుకుంది," అని ఒప్పుకుని ఆయన పనిలో పడ్డాడు.

మధ్యాహ్నం క్యారేజీ వేళకే వచ్చింది. తెచ్చిన మనిషి లోపలికి రావడానికి మాత్రం చాలా ఆలస్యమైంది. షోకేసు ముందు నిలబడి, మరకేమీ లేని అద్దాన్ని కొంగుతో తుడుస్తోంది. పై వరస మధ్యలో కొత్త ఫొటో. ఓనరు గారి కుక్క కాస్త కిందికి జరిగింది.